అమెరికా వర్సిటీ లైబ్రరీలో పార్ట్‌టైమ్ జాబ్.. విద్యార్థులను ఎలా ఎంపిక చేస్తారంటే?

ఎంఎస్ కోసం అమెరికా వెళ్లిన మన విద్యార్థుల్లో చాలామంది దిగగానే ఆన్‌క్యాంపస్ జాబ్ కోసం వెతుకుతారు. అందులో లైబ్రరీ పనికి గిరాకీ ఉంటుంది. ఐటీ కంపెనీల కోసం తయారుచేసుకున్న రెజ్యూమేనే ఇక్కడికీ పంపేస్తుంటారు. కానీ ఈ పనికి జావా, పైథాన్ ప్రాజెక్టుల కంటే చూసేవి వేరే ఉన్నాయి.

మొదట చూసేది టైమ్‌టేబుల్

చాలా లైబ్రరీలు రాత్రి పొద్దుపోయే వరకూ, శని, ఆదివారాల్లోనూ తెరిచే ఉంటాయి. ఆ షిఫ్టులను నడిపేది ఎక్కువగా విద్యార్థులే. అందుకే దరఖాస్తులోనే క్లాసులు లేని గంటలు అడుగుతారు. ‘ఎప్పుడైనా చేస్తాను’ అని రాయడం కంటే ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకో రాస్తే షిఫ్టు వేసేవారికి పని తేలిక.

‘వర్క్ స్టడీ’ అర్హత తప్పనిసరి అని ఉన్న పోస్టులకు అప్లై చేసి లాభం లేదు. అది అమెరికా ప్రభుత్వ ఆర్థిక సాయ పథకం. ఎఫ్-1 వీసా విద్యార్థులకు వర్తించదు.

పుస్తకాలు సర్దే పరీక్ష

కొన్ని లైబ్రరీలు చిన్న పరీక్ష పెడతాయి. కొన్ని పుస్తకాల కాల్ నంబర్లు ఇచ్చి వరుసలో పెట్టమంటాయి. తేలికే అనిపిస్తుంది గానీ, ఇంజినీరింగ్ చదివినవారూ తడబడతారు. అమెరికా వర్సిటీల్లో ఎక్కువగా వాడే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో క్యూఏ 9 ముందు, క్యూఏ 76 తర్వాత. ఇది మామూలు లెక్కే. కానీ చుక్క తర్వాత అంకెలను దశాంశాలుగా చూడాలి. అంటే క్యూఏ 76.73 తర్వాతే క్యూఏ 76.9. అలాగే .సీ153 ముందు, .సీ2 తర్వాత వస్తాయి. 153 పెద్దది కదా అని వెనక పెడితే తప్పే. తప్పుచోట పెట్టిన పుస్తకం కంప్యూటర్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది, వెతికితే మాత్రం దొరకదు. అందుకే ఈ పరీక్షకు అంత పట్టింపు. దరఖాస్తుకు ముందు ఓ గంట సాధన చేస్తే చాలు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

‘నాకు కావాల్సిన పుస్తకం ఎవరు తీసుకెళ్లారో చెప్పు అని నీ ఫ్రెండ్ అడిగితే?’ లాంటి ప్రశ్నలు రావచ్చు. ఎవరు ఏం చదువుతున్నారన్నది బయటపెట్టకూడదు. ఫ్రెండ్ కదా అని చెప్పేస్తానంటే అక్కడితో సరి. పుస్తకం ఫలానా తేదీకి తిరిగి రావాలని చెప్పి, హోల్డ్ పెట్టుకోమనడం సరైన జవాబు.

ఎంపికయ్యాక..

సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే పని చేయాలి. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి 20. లైబ్రరీలో 12, డైనింగ్ హాల్‌లో 10 అంటే పరిమితి దాటినట్టే. ఇది వీసా స్టేటస్‌కే ఎసరు పెడుతుంది.

సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదని అప్లై చేయకుండా ఆగిపోవద్దు. అసలు జాబ్ ఆఫర్ వచ్చాకే ఆ నంబర్‌కు దరఖాస్తు చేస్తారు. దానికి లైబ్రరీ నుంచి ఒకటి, వర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి ఒకటి, రెండు లెటర్లు కావాలి.