ఆఖరి తడి

దీపావళి వెళ్లి వారం. నంద్యాల కూరగాయల మార్కెట్లో చిన్న ఎర్రగడ్డల గోతం ముందు అవ్వ గొంతుక్కూర్చుంది. మీరు సంచి పట్టుకుని వెనక నిలబడ్డారు. సరుకు తమిళనాడుది, దిండిగల్ వైపు నుంచి వచ్చింది. అంగడాయన గుప్పిళ్లతో తీసి తక్కెట్లో పోయబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. ఒక్కో గడ్డనూ తీసి మెడ దగ్గర బొటనవేలితో నొక్కుతోంది. మెత్తగా దిగితే పక్కకు. పొట్టు గలగలలాడాలి. అడుగున వేళ్లు ఊడిన చోటు గట్టిగా, పొడిగా ఉండాలి. కొసన పచ్చటి మొలక తొంగిచూస్తుంటే మరీ మంచిది.

"ఏందవ్వా, ఒకటొకటే ఏరతాండావు?"

"విత్తనానికి నాయనా. కూరకైతే నీకింత పని పెడతానా?"

అరకిలో చాలు. పెద్ద ఉల్లిలా గింజ చల్లి, నారు పెంచి, పీకి నాటే తతంగం దీనికి లేదు. గడ్డ పెడితే దాని చుట్టూ ఐదారు గడ్డల గుంపు కడుతుంది.

ఆళ్లగడ్డ బస్సు శిరివెళ్ల దాటేసరికి ఎడమ కిటికీ నిండా నల్లమల. రోడ్డు పక్కన కేసీ కాలువ నీళ్లు అందినంత మేర వరి, అందని చోట శనగ. 1906లో నంద్యాలలో మొదలైన వ్యవసాయ పరిశోధన స్థానం పత్తి మీద, శనగ మీద ఎందుకంత పని చేసిందో ఈ నల్లరేగడిని చూస్తే తెలుస్తుంది. ఒక్కసారి తడిస్తే వారాల తరబడి తేమ వదలని నేల ఇది. శనగ బతికేది ఆ తేమ మీదే. గడ్డ కుళ్లేదీ ఆ తేమకే.

బస్సు దిగగానే చెవిన పడేది రాతి మీద ఉలి చప్పుడు. శిల్పాలు చెక్కే కొట్లు దాటి రెండు సందులు తిరిగితే అవ్వ ఇల్లు. పెరట్లో రెండు మంచాలు పట్టేంత మడి. దసరా నాడే రేగడిలో ఎర్రమట్టి, వాగు ఇసుక, రెండేళ్లు మాగిన పశువుల ఎరువు కలిపి పెట్టింది. జానెడు ఎత్తున బోదెలు తోలి, గట్టు చివర నీళ్లు బయటికి పోయే దారి వదిలింది. ఆ దారిని మీ చేత రెండుసార్లు తవ్విస్తుంది. విసుక్కోకండి, మడిలో సగం బలం అదే.

వరసకూ వరసకూ జానెడు, గడ్డకూ గడ్డకూ బెత్తెడు. మీరు గుంట తీసి గడ్డను లోపలికి నెట్టి మట్టి కప్పబోతుంటే అవ్వ వారిస్తుంది.

"పూడ్చగాకు. కూర్చోబెట్టు."

వేళ్ల వైపు కిందికి, కొస మట్టి పైకి కనీకనిపించకుండా. నాటిన నాడు ఒక తడి, మూడోనాడు ఒకటి, ఆ తర్వాత వారానికొకటి. పది రోజులకు ప్రతి గడ్డ నుంచీ నాలుగైదు కాడలు సూదుల్లా లేస్తాయి.

కలుపు తీయడం, పిచ్చుకలు పీకేసిన గడ్డల్ని మళ్లీ సర్దడం, వీటితో కార్తీకం గడిచిపోతుంది. మార్గశిరం చలిలో ఒక పొద్దున కాడల మీద వెండి గీతలు కనిపిస్తాయి. కాడల సందు విప్పి చూస్తే తామర పురుగులు, పసుప్పచ్చగా, కంటికి ఆననంత. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం పిచికారీ. మంచు ఎక్కువగా పడితే కాడల మీద ఊదా మచ్చలొస్తాయి. అలాంటి కాడను అవ్వ తుంచి పొయ్యిలో వేస్తుంది, మడిలో పడెయ్యదు. పువ్వుకాడ లేచిన గడ్డకు దారం కట్టి గుర్తు పెడుతుంది. అది నిలవ ఉండదు, ముందు తినాల్సింది.

సంక్రాంతి. కాడలు కొసల నుంచి పసుపు తిరిగి, సగానికి సగం మెడ దగ్గర వాలాయి. నేల నెర్రెలు ఇస్తోంది. మీ చేతిలో నీళ్ల పైపు ఉంది, చూసి చూసి జాలి పుడుతుంది.

"ఇంగ నీళ్లు పెట్టగాకు."

"ఎండిపోతున్నాయవ్వా."

"ఎండాలనే కదా."

ఆఖరి తడి అయిపోయింది. పెరకడానికి ముందు పది రోజులు చుక్క నీరు పడకూడదు. గడ్డ నిలవ అటక మీద మొదలవుతుందని అనుకుంటాం కానీ, అది ఈ పది రోజుల్లోనే తేలిపోతుంది. రైతుకు తెలియక కాదు, వీలుండదు. కర్నూలు వైపు ఉల్లి ఎక్కువగా ఖరీఫ్ పంట, పెరికే వేళకు నెత్తిన వాన. తడి ఆరకముందే గోతాలకెక్కి యార్డుకు పోవాలి. 2025లో ధర పడిపోయి, క్వింటాలు 1,200 రూపాయలకు ప్రభుత్వమే కొంటానని చెప్పాల్సి వచ్చింది. మైదుకూరు వైపు పండే కృష్ణాపురం ఉల్లిది ఇంకో కథ. ఘాటు ఎక్కువ, మనవాళ్లు పెద్దగా తినరు, మలేసియాకూ సింగపూర్‌కూ పోతుంది. 2020లో ఎగుమతులు ఆపేసినప్పుడు కూడా కేంద్రం దానికి 10,000 టన్నుల మినహాయింపు ఇచ్చింది, చెన్నై రేవు మీదుగా మాత్రమే. యార్డు ధరతోనూ ఓడతోనూ పనిలేని అవ్వకున్న అసలు భాగ్యం తీరిక.

పెరికే రోజు. మట్టి బిగుసుకుంది, కాడ పట్టి లాగితే తెగుతుంది. కొడవలి మొనను పక్కన దించి గుంపును అడుగు నుంచి లేపండి. పైకొచ్చింది చూడండి: ఏడు గడ్డలు ఒకదానికొకటి వీపులానించి ఉన్నాయి. మధ్యలో మీరు పెట్టిన తల్లిగడ్డ లేదు, పొర మాత్రం మిగిలింది. పొట్టు ఇంకా తడిగా, లేత గులాబి. కడగొద్దు, మట్టి దులిపితే చాలు. మడి మీదే పరిచి, ఒక వరస గడ్డల మీద తర్వాతి వరస కాడలు కప్పుతూ పోవాలి. ఎండ కాడకు తగలాలి, గడ్డకు తగిలితే ఉడుకుతుంది. మూడు రోజుల తర్వాత వసారా నీడలోకి. మెడను వేళ్ల మధ్య నలిపితే జారకుండా, కాగితంలా నలిగినప్పుడు ఆరినట్టు. మెడ లావుగా ఉన్నవీ, దారం కట్టినవీ, కొడవలి గీసుకున్నవీ వంటింటి గంపలోకి. మిగిలినవాటి కాడల్ని జడలల్లి వసారా వాసాలకు కట్టాలి, గాలి ఆడే చోట, ఆలుగడ్డల బుట్టకు దూరంగా.

ఇక వేసవి. ఊరంతా నలభై నాలుగు డిగ్రీల్లో మాడుతుంటే ఈ గడ్డల గతేమిటని మీకు బెంగ. వాటికేం కాదు. ఆ వేడికి మొలక నిద్రలోనే ఉంటుంది, కాస్త బరువు తగ్గుతుందంతే. ఉల్లి మేలుకునేది చల్లటి తేమకు. ఆషాఢంలో నల్లమల మీద మబ్బు కమ్మి రెండు జల్లులు పడగానే జడల్లో అక్కడక్కడా పచ్చ కొసలు కనిపిస్తాయి. అవ్వ స్టూలెక్కి వాసన చూస్తూ జడలన్నీ తడుముతుంది. కుళ్లిన ఒక్కటి దొరికితే దాని పక్కవి రెండూ తీసేస్తుంది. మొలకెత్తినవి కుండీలో కూర్చోబెడుతుంది, కాడలు పప్పులోకి వస్తాయని. గట్టిగా ఉన్న ఒక జడ మాత్రం ముట్టనివ్వదు, అది విత్తనం.

మిగిలిన గుప్పెడు మీ ముందు పోసి పొట్టు తీయమంటుంది. కొయ్యొద్దు, గుండుగానే. పొయ్యి మీద సంగటి కుతకుతమంటోంది, చింతపండు నానింది. కళ్లు మండుతాయి, ఓర్చుకోండి.