దుడ్డు వచ్చే దినం

ఆ మొద్దును ఇంగొంచెం లోపలికి తొయ్యి అమ్మణ్ణీ, పొగంతా నా కండ్లలోకే వస్తా ఉంది. ఆ, ఇప్పుడు చెప్పు. కంపెనీ గేటు దగ్గర టిఫన్ అంగడి పెడతానంటివి. ఇడ్లీకెంత, చట్నీకెంత, గ్యాసుకెంత, అన్నీ రాసుకున్నావు. సరే. ఆడ పనిచేసే పిల్లోళ్లకు జీతం ఏ తారీకున పడుతుందో అడిగినావా?

నవ్వద్దు. నేను అంగడి నడిపింది ఆ లెక్కతోనే.

అప్పట్లో మన కోలారు నరసాపురానికి కంపెనీలు యాడివి? మదరాసు రోడ్డు మీద లారీలు పోతా ఉండె, అవి మనకోసం నిలిచేవి కావు. ఏడాది పొడుగునా పారే ఏరు మన జిల్లాలో ఒకటీ లేదు. చెరువు నిండితే వరి, లేకుంటే చేల్లో రాగులే. రాగులు పండినోడింట్లో ముద్దకు కరువుండదు, చేతిలో మాత్రం దుడ్డుండదు. అట్లాంటి ఊర్లో అంగడి పెడతానంటే మా నాయన "ఎవుర్ని నమ్ముకోని రా?" అన్నాడు. పురుగుల్ని నమ్ముకోని అన్నా.

పట్టుపురుగు గుడ్డు పగిలినప్పటినుంచి గూడు కట్టేదాకా నెల లోపలే. నడాన నాలుగు జ్వరాలు. జ్వరమంటే జబ్బు కాదు, పురుగు మేత మాని పడుకోని పొర విడిచేది. నాలుగో జ్వరం లేచినాక దాని ఆకలి చూడాలి! మొత్తం తినే ఆకులో ముక్కాలు పైనే ఆ కడాకరి వారంలో తింటుంది. ఇంటిల్లపాదీ రాత్రీ పగలూ ఆకు కోసేదే, వేసేదే. అంగడికి వచ్చే తీరికెవరికి? అందుకని ఆ వారం సరుకు నేనే ఇండ్లకు పంపిస్తా ఉంటి. పొగాకు మాత్రం పంపించే వాణ్ణి కాదు. పొగాకు ముట్టిన చేత్తో ఆకు వేస్తే పురుగు చస్తుంది.

గూళ్లు అమ్ముడుపోయినాకే నాకు బాకీ తీరేది. అందుకే నా పుస్తకంలో పేరు పక్కన ఇంత బాకీ అని రాసి ఊరుకుండ్లే. ఎవరింట్లో పురుగు ఎన్నో జ్వరంలో ఉందో కూడా రాసుకుంటి. రెండో జ్వరంలో ఉండేటోడికి బెల్లం, సీమనూనె ధైర్యంగా ఇవ్వచ్చు, ఇంగో మూడు వారాల్లో దుడ్డు వస్తుంది. సున్నకట్టు రోగం తగిలిందంటే పురుగు సున్నం మాదిరి తెల్లగా బిగుసుకుపోతుంది. వాళ్ల పంటతోబాటు నా బాకీ కూడా పోయినట్లే. పోయి అడిగేదానికి నోరు రాదు. తర్వాత చైనా పట్టు వచ్చి పడి, గూళ్ల ధర కూలిపోయినప్పుడు అట్లాంటి బాకీలు చానా ఉండె.

మమ్మల్ని నిలబెట్టింది పాలు. 1974లో ప్రపంచ బ్యాంకు అప్పుతో కర్ణాటకలో డెయిరీ పథకం మొదలయ్యె. నల్లమచ్చల సీమావులు వచ్చె, ఊరూరా పాల సంఘాలు వచ్చె. మన జిల్లాలో దాన్ని చెప్పేటప్పుడు మన లీడరు ఎం.వి. కృష్ణప్ప పేరు చెప్పకుండా పెద్దోళ్లు మాట మొదలుపెట్టరు. పాలకు బటవాడా పదైదు దినాలకొకసారి. గూళ్ల దుడ్డు మగోళ్ల జేబులో టౌనుకు పోతా ఉండె. పాల దుడ్డు ఆడోళ్ల కొంగున ముడిపడి నా అంగడికి వస్తా ఉండె. కొంచెమే, అయితే తప్పకుండా. నా అంగడి పెద్దదయ్యింది ఆ కొంచెంతోనే.

తర్వాత సర్కారు ఇండస్ట్రియల్ ఏరియా కోసం చేన్లు తీసుకునె. పరిహారం చేతికి వస్తే ఊరంతా పెండ్లి సంబరమే. నేనూ ఆశపడితి, ఎందుకు దాచాలి? నా అంగడికి పైసా రాలేదు. ఒక్కసారిగా వచ్చిన దుడ్డు కారు షోరూముకు పోతుంది, మండపాలకు పోతుంది, ఉప్పు పప్పు అంగడి దానికి కనబడదు. 2013లో ఆడ చేసిన హోండా బండ్లు బయటికి వచ్చె. ఐఫోన్లు చేసే ఫ్యాక్టరీ తర్వాత వచ్చె, దాన్ని 2023లో టాటావాళ్లు తీసుకునె. ఇప్పుడు మన రోడ్డు మీద వినబడని భాష లేదు.

నీ సంగతికి వస్తా. ఆ పిల్లోళ్లంతా ఒకటే మాదిరి కాదు. కంపెనీ పర్మనెంటు వాళ్లకు ఒక తారీకు, కాంట్రాక్టు వాళ్లకు ఇంగో తారీకు, దినకూలోళ్లకు సాయంత్రమే. లోపల క్యాంటీను ఉంటే నీ ఇడ్లీ ఎవరికి? షిఫ్టు దిగి రూముకు పోయేటోళ్లకు. అట్లయితే గేటు దగ్గర కాదు, బస్సు దిగే చోట పెట్టాల. మొదటి వారంలో దోసె, ఆమ్లెట్టు అడుగుతారు. ఇరవయ్యో తారీకు దాటితే చిత్రాన్నం చాలంటారు. పిండి దానికి తగినట్లు రుబ్బుకో.

రేపు షిఫ్టు మారే వేళకు పోయి ఆడ నిలబడు. ఏమీ అమ్మద్దు, ఊరికే చూడు. పోయేటప్పుడు నా పాత పుస్తకం అటక మీద ఉంది, తీసుకోని పో. కడాన చానా కాగితాలు ఖాళీగానే ఉండాయి.