బొటనవేలిని చూడండి

రండి, వేదిక మీదికే రండి. నా కుర్చీకి కుడివైపు, కాస్త ముందుకు, మీకోసం ఒక స్టూలు వేయించాను. ఇంకాసేపట్లో హాల్లో కూర్చున్నవాళ్ల కళ్లన్నీ నా ఎడమచేతి మీద ఉంటాయి. గిటార్ మెడ మీద అది పైకీ కిందికీ పరుగులు పెడుతుంది, చూపు అటే పోతుంది. మీరు మాత్రం కుడిచెయ్యి చూడండి. అందులోనూ బొటనవేలిని చూడండి. ఈ గంటన్నరలో జర్మనీ, స్పెయిన్, కెంటకీ, రియో, చెన్నై, పాలకొల్లు తిరిగొస్తాం. ప్రతి ఊళ్లోనూ ముందుగా మారేది ఆ వేలి నడకే.

బంజారాహిల్స్‌లో చిన్న హాలు ఇది. వందమంది పడతారు. బయట వాన ముందరి ఉక్కపోత, లోపల ఏసీ చలి. ఆ తేడాకు చెక్కా కదులుతుంది, తీగా కదులుతుంది, శ్రుతి జారుతుంది. అందుకే గిటార్లు రెండూ గంట ముందే పెట్టెల్లోంచి తీసి స్టాండ్ల మీద నిలబెట్టాను. ఒకటి నైలాన్ తీగలది. రెండోది స్టీలు తీగలది, దాని మెడ మీద ఆరు తీగల లాగుడు మొత్తం 70 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. నైలాన్‌ది అందులో సగానికి కొంచెం ఎక్కువ.

ఇప్పుడు గోళ్లు. కుడిచేతివి వేలి కొస దాటి కొద్దిగా పెంచినవి. సన్నటి ఎమ్రీ కాగితం మీద ఒక్కొక్క గోటి అంచునీ రుద్దుతున్నాను. చెవి దగ్గర పెట్టుకుని వింటే గరగర ఆగిపోవాలి. అంచులో వెంట్రుకవాసి గరుకున్నా నైలాన్ తీగ పట్టేస్తుంది, మైకు ఊరుకోదు.

పక్కన మృదంగం లేదు. వయొలిన్ లేదు. పాడేవాళ్లు లేరు. ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకుందామన్నా ఆ ఖాళీ పట్టుకునేవాళ్లు లేరు. పాట, దానికింద ఆధారస్వరాలు, లయ అన్నీ ఈ ఒక్క చేతిలోంచే రావాలి. చిటికెనవేలికి మామూలుగా పని ఉండదు. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లది పై మూడు సన్న తీగల దగ్గర కాపురం. కింది మూడు లావు తీగలూ బొటనవేలి రాజ్యం. లైట్లు తగ్గాయి. మొదలుపెడుతున్నాను.

మొదటిది జర్మనీ సంగీతకర్త బాఖ్‌ది. ల్యూట్ అనే పాత తీగవాద్యం పేరుమీదున్న ఈ-మైనర్ సూట్‌లోని బూరే, నిమిషంన్నర నాట్యగతి. బాఖ్ రాసేనాటికి నా ఒళ్లో ఉన్న ఈ గిటార్ లేదు. దీనికి ఈ కొలతలు, ఈ గొంతు ఇచ్చింది 19వ శతాబ్దంలో స్పెయిన్‌లోని అల్మేరియాకు చెందిన ఆంటోనియో డి టోర్రెస్. వినండి, రెండు గొంతులున్నాయి. పైది మూడు మెట్లు ఎక్కుతుంటే కిందిది మూడు మెట్లు దిగుతోంది. బొటనవేలు ఇక్కడ పక్కవాద్యం కాదు. సాటి గాయకుడు. దాని స్వరం ఒక్కటి బరువు ఎక్కువైతే పై గొంతు మునిగిపోతుంది, తక్కువైతే బాఖ్ సగమే మిగులుతాడు. అయిపోయింది. చప్పట్లు ఇంకా మొహమాటంగానే ఉన్నాయి.

ఇప్పుడు ఇంకొంచెం దగ్గరికి జరగండి. ఫ్రాన్సిస్కో టార్రెగా 1890లలో రాసిన ‘రెకుయెర్డోస్ డె లా అలంబ్రా’. గ్రనడాలోని అలంబ్రా కోట జ్ఞాపకాలు. ముందు చాలా నెమ్మదిగా వాయించి చూపిస్తాను. బొటనవేలు కింద ఒక స్వరం మీటింది. వెంటనే ఉంగరపు వేలు, మధ్యవేలు, చూపుడు వేలు వరసగా అదే పైతీగను మీటాయి. మళ్లీ బొటనవేలు. మళ్లీ ఆ మూడు. అంతే, పాట మొత్తం ఇదే వరస. ఇప్పుడు అసలు వేగానికి వస్తున్నాను. సెకనుకు పది మీటులకు అటూ ఇటూ. విడివిడి మీటులు వినపడటం మానేశాయి కదా? గిటార్ స్వరం పుట్టిన మరుక్షణం నుంచీ చచ్చిపోతూ ఉంటుంది, సాగదు. ఆ సాగని స్వరాన్ని తైలధారలా సాగించడానికి దొరికిన ఉపాయం ఈ ట్రెమొలో.

హాలంతా ఆ ధారనే వింటుంది. మీరు దాని కింద నడుస్తున్న వేలిని చూడండి. మూడు వేళ్లు తమ పని పూర్తిచేసే లోపు అది తీగ మారి, తన స్వరం మీటి, పైవాటికి అడ్డం రాకుండా పక్కకు తప్పుకుంటోంది. ట్రెమొలో గతుకులు పడితే అందరూ మూడు వేళ్లనే తప్పుబడతారు. చాలాసార్లు దొంగ బొటనవేలే. అది అర గింజ ముందొచ్చినా ధార తెగుతుంది. ఇదిగో, దిగులుగా వినపడే మైనర్‌లోంచి వెలుగుగా వినపడే మేజర్‌లోకి మారాం. ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు, విన్నారా? ఈ పాటలో ఆ మలుపు దగ్గర ప్రతి హాల్లోనూ అది జరుగుతుంది.

ఆ వేలికి ఇప్పుడు పట్టాభిషేకం. స్పెయిన్ సంగీతకర్త అల్బేనిజ్ పియానోకోసం రాసిన ‘ఆస్టూరియాస్’. పియానో మీద గిటార్‌ని తలుచుకుంటూ రాశాడేమో అనిపిస్తుంది. గిటారిస్టులు దాన్ని తమ ఇంటికి తెచ్చేసుకున్నారు, ఇప్పుడు అందరూ గిటార్ పాట అనే అనుకుంటారు. ఇక్కడ పాట పైన లేదు. కింది తీగల మీద బొటనవేలే పాడుతోంది. మిగతా వేళ్లు ఖాళీగా వదిలిన రెండో తీగ మీద ఒకే స్వరాన్ని విసుగులేకుండా మోగిస్తూ దానికి శ్రుతి వేస్తున్నాయి. ఇంతసేపూ కింద నిలబడి మోసినవాడు పల్లకీ ఎక్కాడు.

ఊపిరి తీసుకోనివ్వను, నేరుగా స్పెయిన్‌వాళ్ల ఫ్లమెంకో. అందులో బులేరియా. 12 లెక్కల చక్రం. మనవాళ్లు ఆవర్తం అని లెక్కపెట్టుకోవచ్చు, కానీ బరువు పడే చోట్లు వేరు: 12, 3, 6, 8, 10. అంటే మూడు, మూడు, రెండు, రెండు, రెండు. బొటనవేలి గోరు చూడండి. ఇప్పటిదాకా కిందికే మీటింది. ఇప్పుడు కిందికీ పైకీ రెండువైపులా కోస్తోంది. దీన్ని ఆల్సపువా అంటారు. మధ్యలో ఉంగరపు వేలు చెక్క మీద టక్కున కొడుతోంది. చెక్క పాడవకుండా అక్కడ పారదర్శకమైన పలక అతికించుకున్నాను. అల్హెసిరాస్‌లో పుట్టిన ఫ్లమెంకో గిటారిస్టు పాకో డె లూసియా చేతిలో ఈ గోరు ఒక వాద్యబృందం. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి, నాలుగేసి లెక్కన. ప్రేమతోనే కొడుతున్నారు. తలతో వద్దని సైగ చేస్తున్నాను, ఈ చక్రంలో ఆ చప్పట్లు నన్ను రోడ్డు దింపేస్తాయి. అర్థం చేసుకున్నారు. ఆపేశారు.

గిటార్ మారుస్తున్నాను. స్టీలు. బొటనవేలికి ప్లాస్టిక్ తొడుగు, థంబ్‌పిక్ అంటారు, బిగించుకుంటున్నాను. వెళ్లేది అమెరికాలోని కెంటకీ, ముహ్లెన్‌బర్గ్ కౌంటీ, బొగ్గుగనుల సీమ. 1917లో అక్కడ పుట్టిన మెర్ల్ ట్రావిస్ గని కార్మికుడి కొడుకు. గనివాళ్ల అప్పుల బతుకు మీద ‘సిక్స్‌టీన్ టన్స్’ రాసింది ఆయనే. సింగరేణి ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ పాట ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ చుట్టుపక్కల గిటార్ మీద ఆర్నల్డ్ షుల్ట్స్ అనే నల్లజాతి కళాకారుడి ముద్ర ఉంది. అది చేతులు మారి ట్రావిస్ దాకా వచ్చింది.

ఈ శైలి నాకు అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ఇష్టం. అరచేతి మడమను బ్రిడ్జి దగ్గర కింది తీగల మీద తేలిగ్గా ఆనించాను. స్వరం మూగబోయి దుమ్‌మని పొట్టిగా వస్తోంది. బొటనవేలు ఆరో తీగ, నాలుగో తీగ, ఆరో తీగ, నాలుగో తీగ. అదే, ఆగకుండా. బేసూ డ్రమ్సూ వచ్చేశాయి. దానిమీద చూపుడు వేలు పాట ఎత్తుకుంది. ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. పాట లయకు ముందు దూకుతోంది, వెనక్కి లాగుతోంది, అల్లరి చేస్తోంది. బొటనవేలు దానివైపు చూడను కూడా చూడదు. పైవేలు దూకినప్పుడు కిందివేలికీ దూకాలనిపిస్తుంది, రెండూ ఒకే చేతివే కదా. ఆ కోరికను చంపుకోవడమే ఈ విద్య. రెండు వేళ్లకూ విడాకులు ఇప్పించాకే ఈ పాట పాటవుతుంది.

అమెరికన్ గిటారిస్టు చెట్ అట్కిన్స్ కుర్రతనంలో ట్రావిస్‌ని రేడియోలో విన్నాడు. చెయ్యి కనపడలేదు. ఇంత సంగీతం రావాలంటే బొటనవేలితోపాటు మూడు వేళ్లైనా వాడుతూ ఉండాలనుకుని అలాగే సాధన చేశాడు. ట్రావిస్ వాడింది బొటనవేలు, చూపుడు వేలు మాత్రమే. మీరు కూర్చున్న ఈ స్టూలు అట్కిన్స్‌కు దొరికుంటే ఆయన శైలే పుట్టేది కాదు. 1936, 37లలో 29 పాటలు రికార్డు చేసి వెళ్లిపోయిన బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ విషయంలోనూ ఇంతే. ఆయన రికార్డు మొదటిసారి విన్న రాక్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్, రెండో గిటార్ ఎవరిదని అడిగాడు. రెండోవాడు లేడు. ఉన్నది బొటనవేలు.

తొడుగు తీసేశాను. నైలాన్ గిటార్, బ్రెజిల్. 1958లో జొవావ్ జిల్‌బెర్టో రికార్డులతో బోసా నోవా లోకానికి వినపడింది. సాంబా ఊరేగింపులో పెద్ద డోలు కొట్టే దెబ్బ బొటనవేలికి వచ్చింది, చిన్న వాద్యాల తుళ్లింత మిగతా మూడు వేళ్లకు వచ్చింది. ఊరేగింపంతా ఒక గదిలోకి, ఒక గొంతు గుసగుసలోకి సర్దుకుంది. బొటనవేలు ఇప్పుడు ఎంత మెత్తగా ఉందో చూడండి. గోరు తగలడం లేదు, కండే.

“ఇళయరాజా!” వెనక వరసలోంచి కేక వచ్చింది. వస్తుందని తెలుసు, నేనూ దానికోసమే ఎదురుచూస్తున్నాను. ‘గీతాంజలి’లోంచి ఒక పాట అందుకుంటున్నాను. సినిమాలో వయొలిన్లు, ఫ్లూటు, కోరస్ అన్నీ ఉన్నాయి. ఇక్కడ ఏది ఉంచాలి, ఏది వదలాలి? నా తీర్పు ఒకటే: పల్లవీ బేసూ ఉంటే చాలు. ఇళయరాజా స్వయంగా గిటార్ వాయించినవారు. ఆయన పాటల్లో బేస్ కింద పడి ఉండదు, అదే ఇంకో పాటగా నడుస్తుంది. బాఖ్ దగ్గర నేర్చుకున్న బొటనవేలే ఇక్కడ అక్కరకొస్తోంది. రెండో చరణానికి హాలు పాడటం మొదలుపెట్టింది. ఇక్కడ చప్పట్లు కొట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

చివరిది. స్టీలు గిటార్ మళ్లీ తీశాను. ఆరో తీగను ఒక స్వరం కిందికి దించుతున్నాను. ఒక్క మర తిప్పితే చాలు, కింది మూడు తీగలూ స, ప, స అయ్యాయి. దించిన తీగ కాసేపు కుదురుగా ఉండదు. వేలితో కొంచెం లాగి, మళ్లీ సరిచేసి, ఇంకోసారి లాగి చూస్తున్నాను. 1960లలో ఇంగ్లండ్‌లో డేవీ గ్రాహం అనే గిటారిస్టు ఇంకో రెండు తీగలనూ మార్చి వాడుకలోకి తెచ్చిన ట్యూనింగ్ ఒకటుంది. మన స్వరాల్లో చెబితే స ప స మ ప స. కనక మనకు అది పరాయిది కాదు.

మోహనం. బొటనవేలు చూడండి: ఐదో తీగ, నాలుగో తీగ, మళ్లీ నాలుగో తీగ, ఆరో తీగ. పా, సా, సా, మంద్ర సా. తంబురా మీటే వరస ఇదే. తాళం లేదు, తొందర లేదు. దానిమీద రిషభం నుంచి గాంధారానికి జారుతున్నాను. ఎడమచెయ్యి తీగను పక్కకు లాగి స్వరాన్ని ఊపుతోంది. గిటార్‌కి మెట్లున్నాయి, మెట్ల మధ్య జాగాలోనే మన రాగం బతుకుతుంది. ఎనిమిది తీగల మాండొలిన్‌ని ఐదు తీగలకు తగ్గించి, దాని చిన్న మెట్ల మీద గమకాలు పలికించిన పాలకొల్లు బిడ్డ శ్రీనివాస్ ఆ దారి చూపించారు. గిటార్ మీద సుకుమార్ ప్రసాద్, ప్రసన్న వాయించి చూపించారు. తోడి, సహానా వంటి రాగాలను నేను ఈ గిటార్ మీద ముట్టుకోను. వాటికి ఇంత కంటే మెత్తటి తీగ కావాలి. కార్డులూ, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులూ, వాడను. ఇంతసేపూ నా ప్రాణం కాపాడిన కార్డులే అయినా, ఒక్కటి వేస్తే మోహనం అక్కడే ఇంకేదో అయిపోతుంది. సాయంత్రమంతా పరుగులు పెట్టిన బొటనవేలు ఇక్కడ చేయవలసింది ఆ ఒక్క వరస నుంచి కదలకుండా ఉండటం. అన్నిటికంటే ఎక్కువ అదుపు దీనికే కావాలి.

అయిపోయింది. హాలు ఖాళీ అవుతోంది. తీగలు తుడుస్తూ ఒక మాట చెబుతాను. ఒకే చేతివాటంతో పది దేశాల పాటలు వాయించేవాళ్లు చాలామంది ఉన్నారు. అవి పది శైలులు కావు, ఒకే శైలిలో పది పాటలు. మీ ఇంట్లో పిల్లలు గిటార్ క్లాసుకు వెళ్తుంటే మొదటి నెల్లోనే నాలుగు కార్డులూ ఒక సినిమా పాటా, పిక్ అనే ప్లాస్టిక్ ముక్కతో మీటడం వచ్చేసి ఉంటాయి. బృందంలో వాయించడానికి అది చాలు. ఒంటరిగా కూర్చుని వాయించాలన్న ఆశ ఉన్న పిల్లలకు మాత్రం ఆ పిక్ పక్కన పెట్టించండి. ఎడమచేత్తో ఒకే కార్డ్ పట్టుకుని బొటనవేలితో ఆరో తీగ, నాలుగో తీగ, ఆరో తీగ, నాలుగో తీగ మీటమనండి. ఎదురుగా కూర్చుని బడి కబుర్లు అడగండి. జవాబులు చెబుతున్నా ఆ వేలు ఆగకుండా నడిచిన రోజున, పాట నేర్పించమని మాస్టారికి చెప్పండి.