తన సొమ్మే అయినా ప్రోనోటు రాయాల్సిందే

1963 డిసెంబరులో ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్‌లో స్టూడీబేకర్ కార్ల ఫ్యాక్టరీ మూతపడింది. నలభై దాటి అరవై నిండని దాదాపు 4,000 మంది కార్మికులకు రావలసిన పెన్షన్‌లో డాలరుకు 15 సెంట్ల చొప్పున చేతికొచ్చింది. వాళ్లకంటే చిన్నవాళ్లకు అదీ దక్కలేదు. ఆ గాయం దేశం మరిచిపోలేదు. 1974 సెప్టెంబరు 2న, అక్కడి కార్మిక దినోత్సవం నాడు, అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఎరిసా చట్టంపై సంతకం పెట్టారు. పెన్షన్ సొమ్ముకు కాపలా ఉన్నవాడే దాన్ని సొంతానికి వాడుకోకూడదన్నది ఆ చట్టానికి ప్రాణం.

ఈ కట్టుబాటు సొంత వ్యాపారాలవాళ్లకు గట్టిగా తగిలింది. బ్రూక్లిన్ కాంగ్రెస్ సభ్యుడు యూజీన్ కియో పట్టుదలతో 1962లో వచ్చిన చట్టం పుణ్యమా అని డాక్టర్లు, ప్లీడర్లు, దుకాణదారులు పన్ను రాయితీతో రిటైర్మెంటుకు దాచుకోగలిగారు. అవసరానికి అందులోంచి అప్పు తీసుకుందామంటే మాత్రం దారి లేదు. కంపెనీ ఉద్యోగి తన 401(కె) రిటైర్మెంటు ఖాతాలోంచి తీసుకోవచ్చు. అదే పని దుకాణం యజమాని చేస్తే నిషిద్ధ లావాదేవీ, దానిమీద ప్రత్యేక పన్ను! 2001 పన్ను చట్టం ఈ తేడాను తీసేసింది. 2002 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. చాలా ఆలస్యంగా జరిగిన న్యాయం అది.

అమెరికాలో ఒంటరిగా కన్సల్టింగ్ చేసుకునే తెలుగువాళ్లకూ ఈ వెసులుబాటు ఉంది. వాళ్ల ప్లాన్‌ను సోలో 401(కె) అంటారు. ఇక్కడ పీపీఎఫ్ మీద అప్పు ఇవ్వాలంటే బ్యాంకో పోస్టాఫీసో కాగితాలు చూస్తుంది. సోలో ప్లాన్‌లో అలా చూసేవాళ్లుండరు. యజమాని, ట్రస్టీ, అప్పు తీసుకునే మనిషి ముగ్గురూ ఒకరే. అందుకే కాగితం బరువు పెరుగుతుంది.

ఖాతాలో 80,000 డాలర్లు ఉన్నాయనుకుందాం. సగం, అంటే 40,000 వరకు తీసుకోవచ్చు. ఖాతా ఎంత పెద్దదైనా మామూలుగా 50,000 దాటకూడదు. గత ఏడాదిలో వేరే అప్పు ఉంటే ఆ గరిష్ఠం ఇంకా తగ్గుతుంది. ముందుగా ప్లాన్ పత్రంలోనే అప్పులకు అనుమతి రాసి ఉండాలి. తర్వాత దరఖాస్తు, ప్రామిసరీ నోటు, కిస్తీల పట్టిక. నోటులో తేదీ, మొత్తం, వడ్డీ, గడువు ఉండాలి; కోర్టులో నిలబడేలా ఉండాలి. వడ్డీ బజారు రేటుకు తగ్గట్టు పెట్టాలి. 8 శాతమైతే 40,000కు నెలకు సుమారు 811 డాలర్లు, అరవై నెలలు. తాను ఉండే ఇల్లు కొనడానికైతే తప్ప ఐదేళ్లు దాటకూడదు, కనీసం మూడు నెలలకోసారి సమాన కిస్తీ కట్టాలి. చెక్కు ప్లాన్ ఖాతా నుంచి రావాలి, కిస్తీ ఆ ఖాతాకే వెళ్లాలి. అసలుతోపాటు వడ్డీ కూడా తన రిటైర్మెంటు ఖాతాకే చేరుతుంది.

ఇదంతా 401(కె) సంగతి. ఐఆర్‌ఏ అనే వ్యక్తిగత రిటైర్మెంటు ఖాతాలోంచి అప్పు అసలు కుదరదు.

మార్చిలో కట్టాల్సిన కిస్తీ తప్పితే, ప్లాన్ గడువిచ్చే పక్షంలో జూన్ 30 దాకా సర్దుకోవచ్చు. అదీ దాటితే మిగిలిన బాకీ మొత్తాన్ని ఆ ఏడాది ఆదాయంగా లెక్కగడతారు. యాభై తొమ్మిదిన్నరేళ్లు నిండనివాళ్లకు మామూలుగా పన్నుకు తోడు ఆ మొత్తంమీద మరో 10 శాతం పడుతుంది. నోటే రాయకుండా తీసుకుంటే కిస్తీ తప్పేదాకా ఆగరు. తీసుకున్న రోజే మొత్తమంతా పన్నుకు లోబడుతుంది.

మీ అబ్బాయో అమ్మాయో అక్కడ సొంతంగా పని చేసుకుంటూ ఇంటికనో అవసరానికనో ఈ సొమ్ము తీస్తామంటే, చెక్కుకు ముందు నోటు రాసి సంతకం పెట్టారా అని ఒక్క మాట అడగండి. ఆ నోటు, కిస్తీల రసీదులు అప్పు తీరాక కూడా దాచుకోమని చెప్పండి.