మందతోపాటే పాలు

టోలీచౌకిలో మా పక్కింటి సోమాలీ అవ్వ ఒంటె పాల మాట ఎత్తితే ఆగదు. మందల వెంట తిరిగే వాళ్ల కుటుంబాల్లో పిల్లల బలమంతా ఆ పాలే. ఒంటె మాంసం ఎండబెట్టి, వేయించి, నేతిలో నిలవచేసిన ‘ముక్మద్’ నెలల తరబడి ఉండేది.

1974లో ‘దబడేర్’ వచ్చింది. తోక పొడుగు కరువని అర్థం. మందలు పోయాయి, పాలూ పోయాయి. అసలు దెబ్బ అదేనని నా నమ్మకం.

2011 జూలై 20న ఐక్యరాజ్యసమితి దక్షిణ సోమాలియాలో క్షామం ప్రకటించింది. అప్పటికే ఎందరో పోయారు. మొత్తం సుమారు 2,60,000 మంది. సగం ఐదేళ్లలోపు పిల్లలే. శిబిరాల్లో పసివాళ్ల జబ్బకు పట్టీ చుట్టి కొలిచేవారు. 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకలోపం. అలాంటి పిల్లలకు వేరుశనగ ముద్ద పొట్లాలు పెట్టేవారు. ఎరుపు చూపిన మనవడు బతికాడని అవ్వ రెండుసార్లు చెప్పింది.