జంటపడవ – నావికుల జోడు

కొన్ని మ్రానులను త్రాటితో బిగించి కట్టిన తెప్పపై అలలు దాటి చేపలవేటకు పోవుట మన తూర్పుతీరమున అనాదిగా ఉన్నది. తమిళులు అట్టి తెప్పను కట్టుమరమందురు. ఆ మాటయే ఆంగ్లేయుల నోట కాటమరాన్ అయి, కాలక్రమమున వేరొక నావకు పేరైనది. రెండు సన్నని పడవలను ఎడముగా నుంచి అడ్డదూలములతో కలిపిన జంటపడవ అది. ఆ రూపము మన తెప్పది కాదు, పసిఫిక్ దీవులవారిది.

పందెములలో దాని వడి 1876లో న్యూయార్కున వెల్లడియైనది. హెరెషాఫ్ అను అమెరికా నౌకాశిల్పి తన అమరిల్లిస్ అను జంటపడవతో ఒంటిపడవలనెల్ల వెనుకకు నెట్టెను. ఓడినవారు అభ్యంతరము తెలుపగా ఆ గెలుపు చెల్లకపోయెను.

ఆ వడికి కారణమేమి? పెద్ద ఒంటిపడవ ఒరిగిపోకుండుటకు అడుగున బరువును మోయవలెను. జంటపడవకు వెడల్పే ఆధారము. సన్నని అడుగులకు నీటి అడ్డు స్వల్పము. అయితే పందెపు జంటపడవలో అడుగున లేని బరువునకు బదులు నావికుల దేహములే నిలువవలెను. స్తంభమునుండి దిగిన తీగకు నడుము తగిలించుకొని, గాలి వచ్చు వైపు అంచున నిలిచి, వారు వెలికి వ్రాలుదురు. వారి బరువు మితిమీరినచో పడవ లోతుగా దిగి మందగించును. చాలనిచో పెనుగాలికి బోర్లపడును. బోర్లపడిన జంటపడవ తనంతట లేవదు. త్రాడు పట్టి దానిని లేవనెత్తుటకును బరువే కావలెను. కావున పడవ నెంచుకొనువారు వేగముకంటె ముందు తమ జోడును తూచుకొనవలెనని మా మనవి.

ఒంటరిగా పోవువారికి ఏ-క్లాసు కలదు. నిడివి 5.49 మీటర్లు, బరువు 75 కిలోలకు తగ్గరాదు. కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్ 1970 ప్రాంతమున రూపొందించిన హోబీ 16 ఇరువురిది. నీటిలోనికి దించు పలకలు లేనందున అది అలలమీదుగా నేరుగా ఇసుకకు చేరగలదు. పందెములలో జోడు బరువు 129 కిలోలకు తగ్గినచో ఆ లోటును భర్తీ చేయవలెను. 1967లో రాడ్నీ మార్చ్ కల్పించిన టోర్నడో 6.1 మీటర్ల నిడివి, 3.05 మీటర్ల వెడల్పు గలది. 1976 మొదలు 2008 వరకు ఒలింపిక్ పందెములలో నిలిచినది. అది చేయితిరిగిన జోడును కోరును.

2016 రియో ఒలింపిక్సున నాక్రా 17 వచ్చెను. ప్రతి పడవలోను ఒక పురుషుడు, ఒక స్త్రీ ఉండవలెనని నియమము. అర్జెంటీనా వాడైన సాంటియాగో లాంగే అంతకుముందు టోర్నడోలో రెండు కాంస్యపతకములు గెలిచినవాడు. 2015లో కాన్సరు కారణమున ఊపిరితిత్తిలో కొంతభాగమును కోల్పోయెను. మరుసటి ఏడు, 54 ఏండ్ల వయసున, 29 ఏండ్ల సెసిలియా కర్రాన్సాతో కలిసి స్వర్ణము సాధించెను. అచ్చట అందరి పడవలును ఒక్క తీరువే. కావున తేడా జోడులోనే కలదు.

వెల యడుగుటకు ముందు మనము మూడు ప్రశ్నలు వేసికొందము. మన ఇరువురి బరువెంత? బోర్లపడిన పడవను మనమే లేపగలమా? వారము వారమును వెంట వచ్చు తోడు కలదా? వీనికి సమాధానము దొరికినచో, తగిన పడవ దొరకుట కష్టము కాదు.