ముందు బటన్ వెనక చరిత్ర

కంప్యూటర్ చరిత్ర అనగానే చార్లెస్ బాబేజ్‌తో మొదలుపెట్టడం మనకు అలవాటు. నేను మాత్రం డెస్క్‌టాప్ కంప్యూటర్ ముందువైపు ఉండే చిన్న బటన్ చరిత్ర రాస్తున్నాను. ఇది చిన్న విషయమే అనిపిస్తుంది. కానీ ఇది తెలియకుండా డబ్బా విప్పితే షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

1975లో అమెరికాలో ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ వచ్చింది. దాంతోపాటు తెర రాదు, కీబోర్డు రాదు. ముందు పలక మీద వరుసగా స్విచ్‌లు, చిన్న చిన్న ఎర్ర దీపాలు, అంతే. స్విచ్ పైకి ఎత్తితే ఒకటి, కిందికి దించితే సున్న. ప్రోగ్రాం అంతా అలా ఎక్కించాలి. జవాబు కూడా దీపాల్లోనే చదువుకోవాలి.

1981లో ఐ.బి.ఎం. పి.సి. వచ్చింది. తెర, కీబోర్డు ఉన్నాక ముందు పలక మీద అన్ని స్విచ్‌లతో పని లేదు. దాని ఆన్ స్విచ్ ఎర్రగా, పెద్దగా, కుడిపక్కన వెనకవైపు ఉండేది. తర్వాత వేరే కంపెనీలు చేసిన డబ్బాల్లో ఆ స్విచ్ ముందుకొచ్చింది. పక్కనే రీసెట్, టర్బో బటన్లు కూడా చేరాయి. టర్బో అంటే వేగం పెంచేదని అనుకుంటాం. నిజానికి దాని అవసరం వేగం తగ్గించడానికే! ఐ.బి.ఎం. పి.సి. వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఆ వేగానికి రాసిన ఆటలు కొత్త కంప్యూటర్లలో మరీ తొందరగా పరుగెత్తేవి. అందుకని అలా ఒక బటన్ పెట్టారు.

ఆ కాలం డబ్బాల్లో చాలావాటికి గోడ ప్లగ్గులోని కరెంటు నేరుగా ముందు స్విచ్ దాకా వచ్చేది. మన దేశంలో అది 230 వోల్టులు. మన ఇంట్లో లైటు స్విచ్ లాగే అది కరెంటును కలిపేది, తెంచేది.

1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అనే కొత్త పద్ధతి తెచ్చింది. అప్పటినుంచి బటన్ కరెంటును తెంచదు, కబురు మాత్రమే పంపుతుంది. నొక్కినప్పుడు రెండు పిన్నులు ఒక్క క్షణం కలుస్తాయి. ఆ కబురు అందుకుని మదర్‌బోర్డు ఎస్.ఎం.పి.ఎస్.ను లేపుతుంది. కబురు వినడానికి మదర్‌బోర్డు మెలకువగా ఉండాలి కదా! అందుకే కంప్యూటర్ ఆపేసినా లోపల 5 వోల్టులు ఉంటాయి. ప్లగ్గు పీకితేనే పూర్తిగా ఆగినట్టు.

ఈ చరిత్ర మా బడికి పనికొచ్చింది. మా ల్యాబ్‌లో ఒక కంప్యూటర్ బాగానే పనిచేస్తుంది గాని, డబ్బా తుప్పు పట్టి ముందు పలక విరిగింది. పాత ఇనుము కింద వేసేద్దామన్నారు. మేము తెలుగు టైపు నేర్చుకునేది దానిమీదే. వడ్రంగి పని చేసే మా నాయన చెక్క డబ్బా చేసిస్తానన్నాడు. మా సార్ మాత్రం "ముందు ఆ బటన్ ఏ కాలందో చూడండ్రా, తర్వాతే తీగ ముట్టండి" అన్నారు. ప్లగ్గు పీకి చూశాం. సన్న తీగలు మదర్‌బోర్డుకే పోతున్నాయి. అంటే 1995 తర్వాతిదే.

పవర్, రీసెట్ బటన్ల తీగలు ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తాయి. దీపాలు అలా కాదు, ప్లస్, మైనస్ తారుమారైతే వెలగవు. ఏ పిన్ను ఏదో మదర్‌బోర్డు మీదే అచ్చు వేసి ఉంది. తీగలు పొట్టివైతే సార్ సోల్డరింగ్ చేసి పొడిగించి, అతుకుల మీద స్లీవ్ తొడిగారు. విరిగిన బటన్ బదులు ఇంటి కాలింగ్ బెల్ స్విచ్ పెట్టాం. అది కూడా నొక్కినంతసేపే కలుస్తుంది కాబట్టి సరిపోయింది. లైటు స్విచ్ పెడితే కలిసే ఉండిపోతుంది, బటన్ వదలకుండా నొక్కి పట్టుకున్నట్టు. అప్పుడు కొన్ని సెకన్లకే కంప్యూటర్ ఆగిపోతుంది.

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలే అనుకునేవాణ్ణి. మన చేతికింది వస్తువుకూ చరిత్ర ఉంది, అది మన ప్రాణం కాపాడుతుంది కూడా. మీ ఇంట్లో పాత కంప్యూటర్ విప్పాలనుకుంటే, ముందు ప్లగ్గు పీకండి. తర్వాత బటన్ తీగ ఎక్కడికి పోతుందో చూడండి. మదర్‌బోర్డుకు పోతే పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టండి. లావు తీగ నేరుగా ఎస్.ఎం.పి.ఎస్.లోకి పోతే మాత్రం దాన్ని ముట్టకండి, తెలిసినవాళ్లను పిలవండి.